సిటీ బాండ్ ప్రపోజిషన్లు: ఓటు వేసే ముందు లెక్క చూసుకునే పద్ధతి

మే నెల ఎన్నికలు దగ్గర పడగానే డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "బ్యాలెట్ మీద ఇన్ని బాండ్లు ఉన్నాయి, దేనికి ఏం నొక్కాలి?" బాండ్ అంటే సిటీ లాంటి సంస్థ పెట్టుబడిదారుల దగ్గర తెచ్చే అప్పు; దానికి ఓటరు అనుమతి అడిగే ఒక్కో ప్రశ్నే ప్రపోజిషన్. జవాబుగా ఎవరో ఒక ఫొటో పెడతారు, మిగతావాళ్లు దాన్ని చూసి ఓటేసి వస్తారు.

సిటిజన్‌షిప్ వచ్చాక నా మొదటి ఎన్నికలో నేనూ అంతే చేశాను. రోడ్లంటే మంచిదే, పార్కులంటే మంచిదే అనుకుని రెండు నిమిషాల్లో అన్నిటికీ 'ఫర్' నొక్కి బయటికొచ్చాను. అక్టోబర్‌లో ప్రాపర్టీ టాక్స్ బిల్లు చేతికొచ్చినప్పుడు గానీ, ఆ రోజు నేను ఇరవై ఏళ్ల అప్పుకి సంతకం పెట్టానన్న సంగతి తట్టలేదు. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో బాండ్ల మీద 200 కోట్ల రూపాయలు తెచ్చినప్పుడు ఓటరుని ఎవరూ అడగలేదు. ఇక్కడ అడుగుతున్నారు. అడిగినప్పుడు లెక్క చూసి చెప్పాలని అప్పటి నుంచి ఈ పద్ధతి పాటిస్తున్నాను.

ఇది టెక్సస్ సిటీలకి సరిపోయేలా రాశాను. ఉదాహరణగా డాలస్ సిటీ 2024 మే 4న ఓటుకి పెట్టిన బాండ్లని తీసుకుంటాను. మొత్తం పనికి రెండు సాయంత్రాలు చాలు.

## 1. ముందు అర్హత, తేదీలు

ఓటు అమెరికా పౌరులకే. హెచ్1బీ, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు ఓటరుగా రిజిస్టర్ చేసుకోకూడదు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఫారం నింపేటప్పుడు పొరపాటున టిక్ పెట్టినా తర్వాత సిటిజన్‌షిప్ దరఖాస్తులో పెద్ద సమస్య అవుతుంది. ఓటు లేనివాళ్లు కౌన్సిల్ మీటింగులకి వెళ్లి ప్రశ్నలు అడగొచ్చు, దానికి అడ్డం లేదు.

అద్దె ఇంట్లో ఉన్నా పౌరులైతే ఓటుంది. ఓనరు కట్టే టాక్స్ ఏదో ఒక రోజు మీ అద్దెలో కలుస్తుంది కాబట్టి ఈ లెక్క మీకూ సంబంధించిందే.

- ఎన్నికకి కనీసం 78 రోజుల ముందే సిటీ కౌన్సిల్ ఈ బాండ్ ఎన్నిక పెట్టే ఆర్డర్ పాస్ చేయాలి. అంటే ప్రపోజిషన్ల పాఠం ఫిబ్రవరి నాటికే దొరుకుతుంది.
- ఓటరు రిజిస్ట్రేషన్‌కి గడువు ఎన్నికకి 30 రోజుల ముందు. ఇల్లు మారితే కొత్త అడ్రస్‌తో మార్చుకోవాలి.
- ఎన్నికకి ముందు 21 రోజులూ బాండ్ వివరాలు సిటీ వెబ్‌సైట్‌లో ఉండాలి.
- ఎర్లీ ఓటింగ్ (ఎన్నిక రోజుకి ముందే ఓటేయడం) రోజులు, కేంద్రాలు మీ కౌంటీ ఎన్నికల సైట్‌లో ఉంటాయి.

## 2. దగ్గర పెట్టుకోవాల్సిన కాగితాలు

లెక్క మొదలుపెట్టే ముందే ఇవన్నీ డౌన్‌లోడ్ చేసి ఒక ఫోల్డర్‌లో వేసుకోండి. మధ్యలో వెతుక్కుంటూ కూర్చుంటే చిరాకొచ్చి వదిలేస్తాం.

- కౌంటీ సైట్ నుంచి మీ పేరు మీద వచ్చే శాంపిల్ బ్యాలెట్
- సిటీ పెట్టిన ఎన్నిక ఆర్డర్
- ఓటర్ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ (ప్రతి ప్రపోజిషన్‌కీ ఒకటి ఉంటుంది)
- ప్రాజెక్టుల జాబితా, అంచనా ఖర్చులతో
- పాత బాండ్ల ప్రోగ్రెస్ రిపోర్టు
- మీ ఇంటి పోయిన ఏడాది టాక్స్ బిల్లు

వీటిలో ముఖ్యమైనది మూడోది. 2019లో వచ్చిన చట్టం ప్రకారం 250 మంది ఓటర్లకి తక్కువ కాని ప్రతి స్థానిక సంస్థా దాన్ని తయారు చేయాలి. రంగుల బ్రోషర్‌లో కనిపించని అంకెలు అందులో ఉంటాయి.

## 3. అడుగుతున్నది ఎవరో చూసుకోండి

ఒకే బ్యాలెట్ మీద సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, కౌంటీ, కమ్యూనిటీ కాలేజీ బాండ్లు కలిసి రావచ్చు. ఎవరి అప్పు వాళ్లదే, ఎవరి టాక్స్ లైను వాళ్లదే. శాంపిల్ బ్యాలెట్ మీద ఒక్కో ప్రశ్న పక్కన పెన్నుతో సంస్థ పేరు రాసుకోండి.

స్కూల్ బాండ్ల దగ్గర ఎక్కువమంది ఒక వాక్యం చూసి ఉలిక్కిపడతారు: 'ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు'. స్కూల్ డిస్ట్రిక్ట్ బాండ్ అయితే, టాక్స్ రేటు పెరిగినా పెరగకపోయినా ఆ వాక్యం పెట్టి తీరాలని రాష్ట్ర చట్టం. డాలస్ 2024 సిటీ బాండ్ల మీద అది లేదు. కాబట్టి ఆ వాక్యం ఉన్నదానికి భారం ఎక్కువనీ, లేనిదానికి భారం లేదనీ అనుకోకండి. సిటీ బాండ్ పాఠంలో కూడా 'అసలు, వడ్డీ తీర్చడానికి సరిపడా పన్నులు విధించడం' అన్న అర్థం వచ్చే మాట ఉంటుంది. అది ఉందంటే మీ ఇంటి మీద పన్ను హామీగా పెడుతున్నారని అర్థం.

బ్యాలెట్ పాఠంలో ఇంకో సంగతి గమనించండి. బ్రోషర్‌లో ఫలానా వీధి, ఫలానా లైబ్రరీ అని ఫొటోలతో సహా ఉంటుంది. బ్యాలెట్ మీద మాత్రం 'వీధులు, రవాణా సదుపాయాలు' అని విశాలంగా రాస్తారు. మీరు ఒప్పుకుంటున్నది బ్యాలెట్ మీద ఉన్న మాటని. మీకు కావలసిన పని పేరు కౌన్సిల్ ఆర్డర్‌లోనో, తీర్మానంలోనో లేకపోతే, ఖర్చులు పెరిగినప్పుడు అది జాబితాలో వెనక్కి జరగొచ్చు.

## 4. అసలుతో ఆగకండి, వడ్డీ కలపండి

బ్యాలెట్ మీద కనిపించే అంకె అసలు మాత్రమే. ఇల్లు కొన్నప్పుడు లోన్ పేపర్లలో మొత్తం ఎంత కడతామో చూసి గుండె ఝల్లుమన్న అనుభవం చాలామందికి ఉండే ఉంటుంది. ఇక్కడా అదే లెక్క.

100 మిలియన్ డాలర్ల బాండ్, 4 శాతం వడ్డీ, ఏటా సమానమైన వాయిదాలు అనుకుందాం.

- 20 ఏళ్లకి: ఏటా సుమారు 7.36 మిలియన్లు, మొత్తం 147 మిలియన్లు
- 25 ఏళ్లకి: ఏటా సుమారు 6.4 మిలియన్లు, మొత్తం 160 మిలియన్లు
- 30 ఏళ్లకి: ఏటా సుమారు 5.78 మిలియన్లు, మొత్తం 173 మిలియన్లు పైన

గడువు పెంచితే ఏటా కట్టేది తగ్గుతుంది, మొత్తం పెరుగుతుంది. 'భారం తక్కువే' అని ఎవరైనా అంటే ఎన్నేళ్ల గడువు మీద ఆ మాట అన్నారో అడగండి. ఓటర్ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్‌లో అసలు, అంచనా వడ్డీ, రెండూ కలిపిన మొత్తం, దాంతోపాటు సిటీకి ఇప్పటికే ఉన్న అప్పు కూడా పక్కపక్కనే ఉంటాయి. ఆ నాలుగు అంకెలూ కాగితం మీద రాసుకోండి.

## 5. మీ ఇంటి మీద ఎంత పడుతుంది

ఈ అడుగు దగ్గర తొందరపడకండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

డాక్యుమెంట్‌లో 'ఏడాదికి గరిష్ఠంగా పెరిగే పన్ను' అని ఒక అంకె ఉంటుంది. చూడగానే 'ఓస్, పన్నెండు డాలర్లే' అనిపిస్తుంది. కానీ చట్టం ప్రకారం ఆ అంకెని 1,00,000 డాలర్ల విలువున్న ఇంటికి లెక్క కడతారు. డాలస్ చుట్టుపక్కల ఇప్పుడు ఆ ధరకి ఇల్లెక్కడుంది?

మీ ఇంటి విలువని లక్షతో భాగించి, వచ్చినదానితో ఆ అంకెని గుణించండి. ఇంటి విలువ 4,50,000 డాలర్లు, డాక్యుమెంట్‌లో అంకె 12 అయితే, 4.5 × 12 = 54 డాలర్లు ఏడాదికి. ఇది ఒక్క ప్రపోజిషన్‌కే. పది ఉంటే పదీ విడివిడిగా లెక్కకట్టి కూడాలి.

ఆ అంకె కింద సిటీ వాడిన ఊహలు కూడా రాయాలి: వడ్డీ రేటు ఎంత, ఏటా ఇళ్ల విలువలు ఎంత పెరుగుతాయని అనుకున్నారు, ఎన్నేళ్లలో తీరుస్తారు. విలువలు ఏటా బాగా పెరుగుతాయని అనుకుంటే భారం చిన్నగా కనిపిస్తుంది. ఆ ఊహ మీకు నమ్మేలా ఉందా లేదా అన్నది మీ వీధిలో గత మూడేళ్ల విలువల్ని చూస్తే తెలిసిపోతుంది. ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు.

డాక్యుమెంట్ ఇంకా రాకపోతే మీరే ఉజ్జాయింపుగా కట్టుకోవచ్చు. ఏటా కట్టే వాయిదాని ఊరి మొత్తం పన్ను విలువతో భాగించి, వందతో గుణిస్తే, వంద డాలర్ల విలువకి ఎంత పన్నో వస్తుంది. ఊరి పన్ను విలువ 20 బిలియన్లు, వాయిదా 7.36 మిలియన్లు అనుకుంటే 3.68 సెంట్లు. 4,00,000 డాలర్ల ఇంటికి ఏడాదికి సుమారు 147 డాలర్లు.

అమ్మానాన్నల పేరు మీద ఇల్లుండి వాళ్లకి 65 దాటితే స్కూల్ పన్నుకి పరిమితి ఉంటుంది. సిటీ పన్నుకి ఆ పరిమితి సిటీ నిర్ణయాన్ని బట్టి ఉంటుంది కాబట్టి విడిగా కనుక్కోండి.

## 6. 'టాక్స్ రేటు పెరగదు' అంటే ఏమిటి

ఈ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ పూర్తి సంగతి కూడా కాదు.

సిటీ పన్ను రేటులో రెండు భాగాలు. ఒకటి రోజువారీ నిర్వహణకి, ఇక్కడి లెక్కల్లో 'ఎం అండ్ ఓ' అంటారు. రెండోది అప్పు తీర్చడానికి, 'ఐ అండ్ ఎస్'. బాండ్లు తీరేది రెండో భాగం నుంచి. 2019లోనే వచ్చిన మరో చట్టం తర్వాత పెద్ద సిటీలు నిర్వహణ పన్ను రాబడిని, కొత్త కట్టడాలని మినహాయించి, 3.5 శాతానికి మించి పెంచాలంటే ఓటర్లని అడగాలి. అప్పు భాగం ఆ పరిమితిలోకి రాదు.

ఇప్పుడు 'రేటు పెరగదు' ఎలా సాధ్యమో చూడండి.

పాత అప్పులు ఏటా కొంత తీరిపోతుంటాయి. తీరిన మేరకి అప్పు రేటు తగ్గాలి. ఆ ఖాళీలో కొత్త అప్పుని కూర్చోబెడితే రేటు ఉన్నచోటే ఉంటుంది. అంటే మీరు అడగాల్సింది "రేటు పెరుగుతుందా?" అని కాదు, "ఈ బాండ్ లేకపోతే రేటు ఎంత తగ్గేది?" అని. సిటీ ఫైనాన్స్ ఆఫీసుకి ఈ ప్రశ్న ఈమెయిల్‌లో పంపండి.

రేటు అలాగే ఉన్నా బిల్లు పెరగొచ్చు. వంద డాలర్లకి 70 సెంట్ల రేటు మీద 4,00,000 ఇంటికి 2,800 డాలర్లు కడతాం. విలువ 4,40,000 అయితే అదే రేటుకి 3,080. రేటు కదల్లేదు, బిల్లు మాత్రం 280 పెరిగింది.

## 7. డబ్బు ఎక్కడ ఎక్కువగా ఉందో చూసి సమయం పంచుకోండి

డాలస్ 2024 బాండ్లు మొత్తం 1.25 బిలియన్ డాలర్లు, మన లెక్కలో 125 కోట్ల డాలర్లు. పది ప్రపోజిషన్లుగా విడగొట్టారు:

- ఎ: వీధులు, రవాణా – 521.2 మిలియన్లు
- బి: పార్కులు – 345.27
- సి: వరద రక్షణ, వాన నీటి కాల్వలు – 52.1
- డి: లైబ్రరీలు – 43.53
- ఇ: కళా కేంద్రాలు – 75.2
- ఎఫ్: పోలీస్, ఫైర్ భవనాలు – 90
- జి: ఆర్థికాభివృద్ధి – 72.3
- హెచ్: ఇళ్లు – 26.4
- ఐ: నిరాశ్రయుల వసతి – 19
- జె: ఐటీ – 5

2020 జనాభా లెక్కల్లో డాలస్‌లో 13 లక్షల మంది ఉన్నారు. అసలు మాత్రమే తలకి 960 డాలర్ల దాకా వస్తుంది. మొదటి రెండు ప్రపోజిషన్లే మొత్తంలో దాదాపు 70 శాతం. కానీ మన గ్రూపుల్లో గంటల తరబడి వాదన జరిగేది చివరి మూడు నాలుగింటి మీద. మీ రెండు సాయంత్రాల్లో ఒకటి పూర్తిగా పెద్ద అంకెలకి కేటాయించండి.

## 8. ఒక్కో పనికి మూడు ప్రశ్నలు

ఈ వస్తువు అప్పు కంటే ఎక్కువ కాలం బతుకుతుందా? కాంక్రీటు వంతెన, వరద కాల్వ, ఫైర్ స్టేషన్ ఇరవై ఏళ్ల తర్వాతా ఉంటాయి. వాటికి ఇరవై ఏళ్ల అప్పు న్యాయం, ఎందుకంటే రేపు వాడుకునేవాళ్లు కూడా కొంత కడతారు. రోడ్డు మీద పై పొర వేయడం, కంప్యూటర్లు కొనడం వేరు. వస్తువు పోయాక కూడా వడ్డీ కట్టడం నాకు నచ్చదు. అయితే సిటీలు ఇలాంటివాటికి తక్కువ గడువు బాండ్లు కూడా అమ్ముతాయి. కాబట్టి జె లాంటి ప్రపోజిషన్ చూసి వెంటనే వద్దనకండి, ఎన్నేళ్ల గడువో కనుక్కోండి. వీధుల ప్రపోజిషన్‌లో పునర్నిర్మాణం ఎంత, పై పూత ఎంత అని విడగొట్టి అడగండి.

కట్టాక నడిపేది ఎవరు? కొత్త లైబ్రరీకి జీతాలు, కరెంటు, పుస్తకాలు కావాలి. బాండ్ డబ్బు జీతాలకి వాడరు. అవి నిర్వహణ పన్ను నుంచే రావాలి, దాని పెరుగుదలకి పైన చెప్పిన పరిమితి ఉంది. భవనం తళతళలాడుతూ, వారానికి మూడు రోజులు తలుపులు మూసి ఉంటే పిల్లలకి ఏం లాభం? ప్రాజెక్టు జాబితాలో ఏటా అయ్యే నిర్వహణ ఖర్చు రాశారా లేదా చూడండి. రాయకపోతే పబ్లిక్ మీటింగ్‌లో అడగండి. నేనైతే ఈ ప్రశ్నకి జవాబు లేని ప్రపోజిషన్‌కి ఓటు వేయడానికి వెనకాడతాను.

పని ఎంత సిద్ధంగా ఉంది? డిజైన్ అయిందా, స్థలం చేతిలో ఉందా, అంచనా ఏ ఏడాది ధరల మీద వేశారు? కేవలం ఊహాచిత్రం మీద వేసిన అంచనా పని మొదలయ్యేలోగా పెరగడం మామూలే. ధరలు పెరిగినా తట్టుకునేలా కొంత అదనంగా పెట్టారో లేదో గమనించండి.

ఆర్థికాభివృద్ధి, ఇళ్లు లాంటి ప్రపోజిషన్లకి ఈ ప్రశ్నలు నేరుగా అతకవు, ఎందుకంటే వాటిలో ఒక భవనం అని చూపించేది ఉండకపోవచ్చు. అక్కడ అడగాల్సింది వేరే: డబ్బు ఎవరికి, ఏ నియమాల మీద ఇస్తారు? మాట తప్పితే వెనక్కి తీసుకుంటారా? ప్రతి కేటాయింపూ కౌన్సిల్ ఓటుకి వస్తుందా?

మూడు ప్రశ్నల్లో రెండింటికి సరైన జవాబుంటే నేను అనుకూలం. ఒక్కదానికే ఉంటే వ్యతిరేకం. వరద కాల్వలకి మాత్రం ఈ కొలత కొంచెం సడలిస్తాను. ఆలస్యమైతే ఇళ్లలోకి నీళ్లొచ్చేది కాల్వ పక్క ఇళ్ల వాళ్లకి.

## 9. పాత బాండ్ల పని తీరు

కొత్త అప్పు అడిగేవాళ్లు పాత అప్పుతో ఏం చేశారో చూడటం మన ఊళ్లలో ఎవరికైనా తెలిసిన పద్ధతే. డాలస్ 2006లో 1.35 బిలియన్లు, 2012లో 642 మిలియన్లు, 2017లో 1.05 బిలియన్ల బాండ్లు ఆమోదించుకుంది. మీ సిటీలో కూడా ఇలాంటి వరస ఉంటుంది. ప్రోగ్రెస్ రిపోర్టు తెరిచి ఇవి చూడండి:

- గత బాండ్లలో ఎన్ని పనులు పూర్తయ్యాయి, ఎన్ని ఇంకా డిజైన్ దగ్గరే ఉన్నాయి
- ఓటర్లు ఒప్పుకున్నా ఇంకా అమ్మని బాండ్లు ఎంత మిగిలాయి
- రద్దయిన పనులేవి, ఆ డబ్బు ఎటు మళ్లింది
- మీ కౌన్సిల్ డిస్ట్రిక్ట్‌కి వచ్చిన వాటా

అమ్మని బాండ్లు బాగా మిగిలి ఉంటే, ఇప్పుడు కొత్తవి ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పాలి. కొన్నిసార్లు కారణం సరైనదే ఉంటుంది: ఆ పాత అనుమతి వేరే పనికి సంబంధించింది, ఈ పనికి వాడటానికి వీల్లేదు.

సిటీ అప్పుల చరిత్ర మొత్తం కావాలంటే టెక్సస్ బాండ్ రివ్యూ బోర్డు సైట్‌లో స్థానిక సంస్థల లెక్కలు ఉచితంగా ఉంటాయి. బాండ్లు అమ్మేటప్పుడు పెట్టుబడిదారులకి ఇచ్చే పత్రాలు 'ఎమ్మా' అనే సైట్‌లో దొరుకుతాయి. బ్రోషర్ కన్నా ఆ పత్రాల్లో భాష జాగ్రత్తగా ఉంటుంది, ఎందుకంటే తప్పు రాస్తే చట్టపరంగా చిక్కు.

## 10. సాధారణంగా జరిగే పొరపాట్లు, దిద్దుకునే దారి

సిటీ పంపిన కరపత్రాన్ని సలహా అనుకోవడం. సిటీ ప్రజల డబ్బుతో 'ఓటేయండి' అని ప్రచారం చేయకూడదు, సమాచారం మాత్రం ఇవ్వొచ్చు. ప్రచారం చేసే కమిటీలు వేరే. కరపత్రం అడుగున ఎవరు డబ్బు పెట్టారో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవండి.

అన్నిటికీ ఒకే బటన్. పది ప్రశ్నలు విడిగా పెట్టింది విడిగా జవాబు ఇవ్వడానికే. నాలుగింటికి అవునని, ఆరింటికి కాదనొచ్చు.

వ్యతిరేకిస్తే ఆ పని ఇక ఎప్పటికీ రాదన్న భయం. సిటీ సవరించి మళ్లీ ఓటుకి తేవచ్చు. ఆలోగా ధర పెరగొచ్చు, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

ఓటు లేకుండా వచ్చే అప్పుని మర్చిపోవడం. 'సర్టిఫికెట్స్ ఆఫ్ ఆబ్లిగేషన్' అనే పద్ధతిలో సిటీ ఎన్నిక లేకుండానే అప్పు చేయొచ్చు. అర్హులైన ఓటర్లలో 5 శాతం మంది గడువులోగా పిటిషన్ మీద సంతకం చేస్తే అప్పుడు ఎన్నిక పెట్టాలి. ఈ నోటీసులు కౌన్సిల్ అజెండాలో వస్తాయి. సంవత్సరానికి ఒకసారైనా వెతకండి.

మా వీధి పేరు లేదు కాబట్టి వద్దనడం. మీరు రోజూ ఆఫీసుకి వెళ్లే రోడ్డు పక్క డిస్ట్రిక్ట్‌లో ఉండొచ్చు. జాబితాని మ్యాప్ మీద పెట్టి చూశాక నిర్ణయించుకోండి.

## 11. ఓటు వేసే రోజు

పోలింగ్ గదిలో ఫోన్ వాడనివ్వరు. గ్రూపులో వచ్చిన ఫొటో అక్కడ తెరవలేరు. మీ నిర్ణయాలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. రాసుకున్న కాగితం చూసుకోవచ్చు, ఇతరులకి చూపిస్తూ ప్రచారం మాత్రం చేయకూడదు.

తెలుగులో బ్యాలెట్ ఉండదు. ఇంగ్లీష్ చదవడం ఇబ్బందైన పెద్దవాళ్లు కొడుకునో కూతురినో సాయానికి తీసుకెళ్లొచ్చు. పని చేసే చోట యజమాని గానీ, యూనియన్ ప్రతినిధి గానీ సాయం చేయకూడదు. సాయం చేసేవాళ్లు అక్కడ ఒక ఫారం నింపి ప్రమాణం చేయాలి, దానికి పది నిమిషాలు అదనంగా పెట్టుకోండి. ముందు రోజే ఇంట్లో ఒక్కో ప్రపోజిషన్ వాళ్లకి తెలుగులో చదివి వినిపించి, ఏం కావాలో వాళ్లనే చెప్పనివ్వండి.

జేబులో పెట్టుకునే కాగితం మీద ప్రతి ప్రపోజిషన్‌కి ఈ లైన్లు చాలు:

- అక్షరం, అడుగుతున్న సంస్థ
- అసలు, వడ్డీ కలిపి మొత్తం
- మా ఇంటి మీద ఏడాదికి
- ఎన్నేళ్లు ఉంటుంది, ఎవరు నడుపుతారు
- ఫర్ లేదా అగైన్‌స్ట్

ఎన్నికయ్యాక ఆ కాగితం పారేయకుండా టాక్స్ బిల్లుల ఫైల్లో పెట్టండి. అక్టోబర్‌లో బిల్లు వచ్చినప్పుడు అప్పు రేటుని దానితో సరిచూడొచ్చు. సిటీ మళ్లీ బాండ్లు అడిగినప్పుడు, ఏ పని పూర్తయిందో ఏది కాలేదో దాని మీదే టిక్ పెట్టుకోవచ్చు.